పట్టి వదిలేసే సారు

శేషాచలం గారికి చేపంటే అసహ్యం, చేపలు పట్టడమంటే పిచ్చి. శుద్ధ శాకాహారి కాబట్టి పట్టినదాన్ని తినడు, చంపడు, ఆఖరికి ముట్టుకోడు కూడా. గాలం నుంచి దాన్ని విడిపించి నీళ్ళలో వదలడానికి చలికాలం ప్రతి శుక్రవారం ఆఫీసులో తన కింద పనిచేసే జెర్రీని రప్పించుకుంటాడు. జెర్రీది నరసాపురం కాబట్టి ఆ విద్య పుట్టుకతోనే వచ్చుంటుందని ఆయన నమ్మకం. నిజానికి జెర్రీ తాతా తండ్రీ ఇద్దరూ బడిపంతుళ్ళు.

ఆ పెద్దమనిషి వేషం చూసి తీరాలి. చంకల దాకా రబ్బరు ప్యాంటు, నడుముకి ప్లాస్టిక్ బుట్ట. దోహాకి గంట దూరంలో, అల్ ఖోర్ ఊరు దాటాక సముద్రతీరంలో మోకాలి లోతు నీళ్ళలో నిలబడి, గాలానికి ఈకలు చుట్టి చేసిన ఉత్తుత్తి ఈగని వెనక్కీ ముందుకీ ఝాడిస్తాడు. గాలికి అది తిరిగొచ్చి ఆయన టోపీకే తగులుకుంటుంది. దాన్ని తియ్యడం కూడా జెర్రీ డ్యూటీయే.

"పట్టి వదిలేస్తానయ్యా. ఇదో ధ్యానం," అంటాడు.

ధ్యానమట! జెర్రీకి ఒళ్ళు మండుతుంది.

ఆ శుక్రవారం మరీ మండింది. అక్కడ వారం సెలవు ఆ రోజే కాబట్టి దోహాలో వాళ్ళ చర్చి ఆరాధన కూడా శుక్రవారమే. క్రిస్మస్ ముందర కూతురు డయానా మొదటిసారి ఒక్కతే పాడుతోంది. "నాకు భయం, నువ్వు ముందు కూర్చో డాడీ," అంది. అందుకే మధ్యలో వెళ్ళిపోయేలా సొంత కారులో వచ్చాడు.

"నేనెళ్ళాలండి సార్. మా పాప పాట ఉందండి చర్చిలో."

"వెళ్దువులేవయ్యా. ఒక్క చేప పడనీ."

ఎండెక్కింది. ఇక లాభం లేదని జెర్రీ కారు తలుపు తీశాడు. సరిగ్గా అప్పుడే చేప పడింది.

"జెర్రీ! రావయ్యా, రా!"

మూరెడు పారచేప ఇసకలో కొట్టుకుంటోంది. శేషాచలం దానికి అల్లంత దూరంలో గెంతుతున్నాడు. చేప మీద జాలితో వెనక్కి వెళ్ళానని జెర్రీ ఎవరికైనా చెప్పుకోవచ్చు, కానీ అది నిజం కాదు. ఆ పిలుపు వినగానే కాళ్ళు వాటంతటవే తిరిగాయి. ఛీ, ఏం బతుకు!

గాలం తీస్తే సరిపోలేదు, తన ఫోను రాయికి ఆనించి టైమరు పెట్టి, ఫొటో కావాలన్నాడు. జెర్రీ పక్కన వంగి చేపని ఎత్తి పట్టుకోవాలి, శేషాచలం దాని కింద తగలకుండా అరచేతులు చాపుతాడు.

"నీ చెయ్యి పడిందయ్యా. ఇంకోటి తీద్దాం."

అలా ఇంకోటి, ఇంకోటి అయ్యేసరికి చేప వేలాడిపోయింది. నీళ్ళలో వదిలితే వెల్లకిలా తేలింది. "ఈదుతోంది చూడు!" అని మురిసిపోయాడు శేషాచలం.

జెర్రీ కారెక్కుతుంటే ఫోను మోగింది. డయానా.

"డాడీ, ఎక్కడున్నావు?"

నోటికి అబద్ధమే ముందొచ్చింది. "వెనకాల నిలబడ్డానురా తల్లీ. జనంలో నీకు కనపడలేదు. ఇప్పుడే కారు దగ్గరికొచ్చాను. అబ్బ, ఎంత బాగా పాడావో!"



"నేను పాడలేదు డాడీ," అంది డయానా.