నక్క చెడిన రోజు

కార్టూన్ మొదలయ్యే వేళకు మొగులమ్మ బియ్యం చాట పక్కన పెట్టి, మనవరాలు భాగ్య వెనక వచ్చి కూర్చుంటుంది. ఈ వేసవిలో పట్టుకున్న అలవాటు. ఇస్నాపూర్‌లో వాళ్లుండే కిరాయి గదిలో విలువైన వస్తువంటే ఆ టీవీ ఒక్కటే. దాన్ని కొన్నది భాగ్య తండ్రి ఓదెలు. మొగులమ్మకు ఒక్కడే కొడుకు. ఇప్పుడు సంగారెడ్డి జైల్లో ఉన్నాడు.

ఆ కార్టూన్ జంతువులు భాగ్యకు పాత నేస్తాలే. వాటి అసలు కథ ఎన్నాళ్లనుంచో వస్తోంది. అందులో చెడు పనులన్నీ నక్కవే. కుందేలు గుడిసెకు నిప్పు పెడుతుంది, తాబేలును వెల్లకిలా తిప్పి నవ్వుతుంది. ఇప్పుడు కొత్తది మొదలైంది. అవే జంతువులు, చిన్నపిల్లలుగా. అన్నీ ఒకే బడికి పోతాయి. నక్కకు పెద్ద తల, గుండ్రటి కళ్లు. తన రొట్టెలో సగం తుంచి కుందేలుకు ఇస్తుంది. ఉరిమితే తాబేలును ఆనుకొని కళ్లు మూసుకుంటుంది.

మొగులమ్మ ఆ నక్కను తప్ప దేన్నీ చూడదు.

"ఇయ్యాల చెడతదానే?" అని అడిగింది.

"ఏంది?"

"గా నక్క."

"రోజు నీకు గిదే పంచాయితి, బాపమ్మా. జెర సప్పుడు జెయ్యకు."

ఆ వాడలో బోరు నీళ్లు కంపెనీల మందు వాసన కొడతాయి. తాగడానికి ట్యాంకరే దిక్కు. ట్యాంకర్ దగ్గర కొట్లాటలు కొత్త కాదు. కాని హోలీ ముందు ఒకనాడు మాటామాటా పెరిగి, రోలింగ్ మిల్లులో పనిచేసే ఓదెలు ఇనుప రాడ్డు తీసుకొని పక్కగదిలో ఉండే మనిషిని కొట్టాడు. అతనికి ఒక కన్ను పోయింది.

ఆ తర్వాత మొగులమ్మ నీళ్లకు పోయినప్పుడు, వాళ్ల ఊరి నుంచే వచ్చి స్థిరపడ్డ ముత్యమ్మ అందరూ వినేలా అంది: "సూడు మొగులవ్వా, నీ కొడుకు చిన్నప్పటి సంది గంతే. ఊళ్లె మేకపిల్ల కాలు ఇరగ్గొట్టలే? మర్సినవా?"

మొగులమ్మ మరిచిపోలేదు. మేకపిల్ల గోడ మీద నుంచి పడితే ఓదెలు దాన్ని ఎత్తుకొని ఇంటికి తెచ్చాడు. ఇన్నేళ్లూ ఆమెకు గుర్తున్నది అంతే. ముత్యమ్మ మాట విన్నాక, తలుచుకున్నప్పుడల్లా ఆ గోడ మీద ఒక చెయ్యి కనిపించసాగింది. కొన్నాళ్లకు ఆ చెయ్యి మేకపిల్లను తోసింది. ఇంకొన్నాళ్లకు, దాన్ని ఎత్తుకొచ్చిన పిల్లవాడి ముఖంలో నవ్వు కనబడింది. ఆమె ఆ నవ్వును నమ్మింది. ఒకటి దొరికాక మిగిలినవి వాటంతట అవే వచ్చాయి. పాలు తాగుతూ కొరికాడు. పలక నేలకేసి కొట్టాడు. పిల్లలందరూ చేసేవే, కాని ఒక్కచోట చేరేసరికి కోర్టులో నిలబడ్డ సాక్షుల్లా కనిపించాయి.

మాత్రల కంపెనీలో ప్యాకింగ్ పనికి పోయే కోడలు రాధమ్మ ఆ సాయంత్రం కార్టూన్ ఇంకా నడుస్తుండగానే వచ్చి అంది: "అత్తా, రేపు జైల్ల ములాఖత్ ఉన్నది. మా అవ్వ ఎందుకస్తలేదని ఒక్కటే తీర్గ అడుగుతుండు. ఈసారన్న రా."

"అచ్చి ఏం మొఖం సూడాలె? యాడ చెడిండో ఎరుకైనంక అస్త."

"యాడనో చెడిండు. ఇప్పుడు నువ్వు కనిపెడితే కన్నొస్తదా?" అని రాధమ్మ విసుగ్గా వంటగట్టు వైపు పోయింది.

మొగులమ్మ మళ్లీ టీవీ వైపు తిరిగింది. కొడుకు ముఖంలో ఆ నవ్వు కనిపిస్తుందేమోనని ఆమె భయం.

"అది చెడేది సూపియ్యరు బాపమ్మా," అంది భాగ్య, టీవీ మీది నుంచి చూపు తిప్పకుండా.

"ఎందుకు సూపియ్యరు? చిన్నప్పుడు మంచిగున్నది, పెద్దగైనంక చెడ్డగైంది. నడుమ ఒక దినం ఉండాలె గదా?"

"లేదు! ముందుగాల పెద్ద నక్కనే అచ్చింది. అందరు మస్తు సూసిండ్రని, గా పెద్దదాన్ని సూసి తర్వాత చిన్నగ గీసిండ్రు."

"మరి దాని చిన్నతనం?"

"దానికి యాడిది చిన్నతనం? బొమ్మ గదనే!" భాగ్య నెత్తి కొట్టుకుంది.

తెర మీద నక్క రొట్టె తుంచుతోంది. పెద్దదాన్ని చూసి చిన్నదాన్ని గీశారు. మొగులమ్మ మనసులో మళ్లీ ఆ గోడ దగ్గరికి పోయి చూసింది. ఆ రోజు తాను అక్కడ లేనే లేదు. నాట్లకు పోయింది. తిరిగి వచ్చేసరికి పిల్లవాడు వాకిట్లో మేకపిల్లను ఒళ్లో పెట్టుకొని కూర్చున్నాడు. ఆ ముఖం కోసం వెతికింది. నవ్వు లేదు. ఏడుపూ లేదు. ముఖం ఉండవలసిన చోట ఆమెకు ఏమీ గుర్తు లేదు. ఆ ఖాళీ చూసి భయమేసింది. అయినా దాన్ని దేనితోనూ నింపబుద్ధి కాలేదు.

"రాధా," అని పిలిచింది. "రేపు నేనస్త."

మరునాడు జైల్లో ఇనుప జాలీకి అటూ ఇటూ జనం నిలబడి అరుచుకుంటున్నారు. ఓదెలు చిక్కిపోయాడు. గడ్డం పెరిగింది.

"గిన్ని దినాలు రాలేదేందే అవ్వా?"

"రాలే."

రాధమ్మ కొంచెం ఎడంగా జరిగింది. ఓదెలు జాలీలో వేళ్లు దూర్చాడు.

"ఒక్కటడుగుత, నిజం జెప్పు. లోపల ఒకాయన అంటడు, గీ కోపం పుట్టుకతోనే అస్తదంట. నేను చిన్నప్పటి సంది గిట్లనేనా?"

తాను ఇంట్లో చేసిన పనే అతనూ లోపల కూర్చొని చేస్తున్నాడని ఆమెకు అర్థమైంది. బంగారం లాంటి పిల్లవాడివి కొడుకా అంటే అతను ఏడ్చేవాడు, ఆమె కూడా ఏడ్చేది. ఆ మాట నోటిదాకా వచ్చింది. అదీ గీసిన బొమ్మే అనిపించి ఆగిపోయింది.

"చిన్నప్పుడు చిన్నగనే ఉంటివి," అంది. "గంతకంటె నాకెరుక లేదు. గాయినె కన్ను చిన్నప్పుడు పోలే బిడ్డా, మొన్న పోయింది. గా ట్యాంకర్ కాడ ఏమైంది? గది జెప్పు."

ఓదెలు తల దించుకున్నాడు. వెనక నుంచి జవాను ఎవరినో తొందరపెడుతున్నాడు.

"నేను పెట్టిన బిందె జరిపిండు," అన్నాడు చివరికి. "జరిపితే జరిపిండు తియ్. నేను గదిలకు పోయిన. రాడ్డు తీస్కొని మల్ల అచ్చిన. పోయినోన్ని ఆడ్నే ఉండచ్చు గదా అవ్వా..."

చుట్టూ అరుపుల్లో మిగతా మాటలు వినబడలేదు. మొగులమ్మ కొంగు సవరించుకొని, చెవిని జాలీకి ఆనించింది.