నెస్టర్ పేరున్న పలక

విల్ఫ్ పెట్రిషిన్ నిచ్చెన ఎక్కనన్నాడు. డెబ్భై ఆరేళ్లు వచ్చాయి కదా, భయపడ్డాడేమో అనుకుంటే పొరపాటు. మొన్న చలికాలం ముందు తన ఇంటి పైకప్పు తనే ఎక్కి బాగుచేసుకున్న మనిషి అతను. ఎక్కలేక కాదు, ఎక్కనన్నాడు.

"మీరే ఎక్కి దించుకోండి" అన్నాడు, ఐస్ హాకీ రింకు క్యాంటీన్‌లో కాఫీ కప్పు బల్లమీద ఠపీమని పెట్టి.

"మేం ముట్టుకోకూడదు కదా పెద్దాయనా!" క్లబ్బు అధ్యక్షుడు గార్త్ హాగెన్ నవ్వు తెచ్చిపెట్టుకున్నాడు. "రికార్డు ఉన్నవాడి చెయ్యి తప్ప ఇంకో చెయ్యి ఆ గోడమీద పడకూడదు. మీ కాలంనుంచీ ఉన్న ఆచారమేగా."

స్ప్రూస్ ఫోర్డ్ ఊరి రింకులో ఆ ఆచారానికి తిరుగులేదు. మంచు మైదానానికి ఒక చివర, గోడమీద ఓ చెక్కపలక ఉంటుంది. అందరికంటే ఎక్కువ ఆటలు గెలిచిన గోల్‌కీపర్ పేరు, పక్కన అంకె, అంతే. ఆ రికార్డు పోయిన రోజున పాతవాడే నిచ్చెనెక్కి పలక దించాలి. దాన్ని తిరగేసి వెనకవైపు కొత్తవాడి పేరు రాస్తారు. కొత్తవాడు ఎక్కి తగిలిస్తాడు. పాత పేరు గోడవైపుకి పోతుంది.

విల్ఫ్ పద్దెనిమిది చలికాలాలు గోలు ముందు నిలబడి నూట ఎనభై ఏడు ఆటలు గెలిచాడు. పోయిన శనివారం ఇప్పటి గోల్‌కీపర్ కోల్టన్ రీమర్ నూట ఎనభై ఎనిమిదోది గెలిచాడు. విల్ఫ్ కడుపు మండింది అంకె చూసి కాదు. అందులో ఇరవై రెండు షూటౌట్‌లో వచ్చినవి. ఇప్పుడు ఆట సమమైతే ఊరుకోరు. ఒక్కొక్క ఆటగాడు ఒంటరిగా గోల్‌కీపర్ మీదికొచ్చి కొడతాడు, ఎవరో ఒకరు గెలిచేదాకా వదలరు. విల్ఫ్ కాలంలో సమమైతే సమమే. చేతులు కలిపి ఇళ్లకు పోయేవాళ్లు. అలాంటివి అతనికి నలభై ఒకటి ఉన్నాయి. అవి గెలుపుల్లో లేవు, ఓటముల్లో లేవు, ఎవరి నోటా లేవు.

"అందులో సగం గెలిచినా రెండొందలు దాటేవాణ్ణి" అన్నాడు విల్ఫ్. "ఆ నలభై ఒకటీ పలకమీద రాయించు. అప్పుడు నేనే దించి నీ చేతికిస్తాను."

"పేరూ అంకే తప్ప ఇంకేం రాయం. ఆట మారింది పెద్దాయనా. ఇలా మంకుపట్టు పడితే ఆడలేక మద్దెల ఓడన్నాడంటారు జనం."

"ఆడలేకా? ఎవరు, నేనా? ఒక్క ఆట ఆడి తొమ్మిది గోల్స్ తిన్నది నువ్వురా గార్త్."

క్యాంటీన్‌లో బంగాళాదుంప కూరిన పిరోగీలు వేయిస్తున్న ఆడవాళ్లు పొయ్యివైపు తిరిగి నవ్వుకున్నారు.

ఆ మర్నాడే విల్ఫ్ రింకుకి వెళ్లి, ఎవరికీ చెప్పకుండా నిచ్చెనెక్కి పలక విప్పుకుని ఇంటికి తెచ్చేసుకున్నాడు. రాయడానికి పలకే లేకపోతే ఎక్కడ రాస్తారో చూద్దామని అతని ఎత్తు. తను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే రకం మరి.

ఇంటి వెనక షెడ్డులో, తన వడ్రంగి బల్లమీద దాన్ని బోర్లా పెట్టినప్పుడు అటువైపున్న అక్షరాలు కనబడ్డాయి. నెస్టర్ ఒస్టాపిక్, 140.

విల్ఫ్ స్టూలు లాక్కుని కూర్చున్నాడు. నలభై మూడేళ్ల కిందట, ఆ పేరును గోడవైపు తిప్పి వెనకవైపు తన పేరు రాసుకున్నది తనే. నెస్టర్ నిచ్చెన దిగి పలక చేతికిస్తూ అన్న మాట ఇప్పుడు చెవిలో గింగురుమంది. "నా ముక్కు మూడుసార్లు విరిగింది విల్ఫ్. ఎడమ కంటికి సగమే ఆనుతుంది. మాస్కు చాటున నిలబడ్డ నీకు ఒక్కసారైనా విరిగిందా?"

అప్పుడు విల్ఫ్ నవ్వేశాడు. నవ్వి ఏమన్నాడు? "ఆట మారింది బాబాయ్" అన్నాడు.

సిగ్గుతో అతని చెవులు వేడెక్కాయి. నెస్టర్ పోయి ఇరవై ఏళ్లయింది, క్షమించమనడానికి కూడా మనిషి లేడు. పైగా పలకకు ఉన్నవి రెండే వైపులు. కోల్టన్ పేరు రాయాలంటే నెస్టర్ పేరుమీదే రంగు పూయాలి. గోడవైపు తిరిగి ఉండడానికి కూడా ఆ మనిషికి ఇక చోటుండదు. రేపు ఇంకో రూలు మారుతుంది, ఇంకొకడొస్తాడు, అప్పుడు తనమీద పూస్తారు.

శుక్రవారం మధ్యాహ్నం కోల్టనే వచ్చాడు. ఆరడుగుల మనిషి, పైపుల పని చేస్తాడు. షెడ్డు గుమ్మంలో బూట్లకంటిన మంచు దులుపుకుని నిలబడ్డాడు.

"పలక మీ దగ్గరుందని గార్త్ అన్నాడు విల్ఫ్ గారూ. పట్టుకురమ్మన్నాడు."

"ఇవ్వకపోతే?"

"ఇవ్వకపోతే పోయె. లాక్కుపోవడానికి రాలేదు." టోపీ తీసి చేత పట్టుకుని, "షూటౌట్ పెట్టమని నేనడిగానా? లీగు పెట్టింది, నిలబడ్డాను. మీకు డ్రా అయితే స్నానం చేసి ఇంటికెళ్లేవారు. నాకు ఆ భాగ్యం లేదు" అన్నాడు.

విల్ఫ్ పలకమీది దుమ్ము అరచేత్తో తుడిచాడు. "నీ పేరు కింద ఇరవై రెండు షూటౌట్లని రాస్తే ఏడుస్తావా?"

"ఎందుకేడుస్తాను? ఆ ఇరవై రెండుసార్లూ మావాళ్లంతా బెంచీమీద కూర్చుని చూశారు. నేనొక్కణ్ణే నిలబడ్డాను. పెద్దక్షరాలతో రాయండి."

విల్ఫ్ అతన్ని కిందనుంచి పైదాకా చూశాడు. వీడు నిజంగానే గోల్‌కీపర్ అనుకున్నాడు. లేచి పలకను అతనికి తిప్పి చూపించాడు.

"ఈయన నాకంటే ముందువాడు. మాస్కు లేకుండా ఆడాడు. నీ పేరు పడేది ఈయన మీదే."

కోల్టన్ వంగి ఆ అక్షరాలను వేలితో తడుముతూ చదివాడు. "మా ఊళ్లో ఈయనొకడున్నాడని నాకు తెలీదు" అన్నాడు.

"తెలీకుండా చేసింది నేనే. ఆ చివర పట్టుకో. వణక్కు."

బ్యాండ్ రంపం మోగింది. రొట్టెను అడ్డంగా కోసి రెండు పొరలు చేసినట్టు, అంగుళం మందమున్న ఆ పలకను విల్ఫ్ మధ్యకు చీల్చాడు. ఒక పొరమీద నెస్టర్, ఒక పొరమీద తను. మూడోది కొత్త చెక్క. సాయంత్రందాకా ఇద్దరూ కలిసి రంగు వేశారు.

శనివారం ఆటకు ముందు ఊరంతా రింకులోనే ఉంది. పలక తెస్తాడని కోల్టన్ ముందే చెప్పడంతో, గార్త్ మైకులో విల్ఫ్ పేరు పిలిచాడు. విల్ఫ్ గోనెసంచీ భుజాన వేసుకుని, కోల్టన్ నిచ్చెన పట్టుకుని ఉండగా పైకెక్కి, ఒక్కొక్క పలకా బిగించాడు. పైన నెస్టర్ ఒస్టాపిక్, 140, మాస్కు లేదు. దానికింద విల్ఫ్ పెట్రిషిన్, 187, ఇంకా 41 డ్రాలు. మూడోది మాత్రం బిగించలేదు. కిందికి దిగి కోల్టన్ చేతికిచ్చాడు. కోల్టన్ ఎక్కి తగిలించుకున్నాడు. 188, అందులో 22 ఒంటరిగా.

మూడో వరసలో నెస్టర్ కూతురు లేచి నిలబడి, రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఇది ఆచారం కాదు!" గార్త్ మైకు పక్కన పెట్టడం కూడా మరిచిపోయాడు. అతని గొంతు రింకంతా మోగింది. "ఒకే పలక ఉండాలి!"

"పై రెండూ ఆ పలకేరా. కావాలంటే దగ్గరపెట్టి చూసుకో, చెక్క గీతలు కలుస్తాయి."

"లీగు ఒప్పుకోదు. రేపే దించేస్తాం."

"దించు" అన్నాడు విల్ఫ్. "కానీ రికార్డు ఉన్నవాడి చెయ్యే ఆ గోడమీద పడాలి. నువ్వు చెప్పిన ఆచారమే. నీ గెలుపులెన్ని గార్త్?"

జనం పగలబడి నవ్వారు. వెనక బెంచీలవాళ్లు గార్త్ తిన్న గోల్స్ ఒకటి, రెండు అంటూ లెక్కపెట్టి తొమ్మిది దగ్గర ఆగారు. గార్త్ ఎర్రబడ్డ ముఖంతో కోల్టన్ వైపు తిరిగాడు. ఇప్పుడు గోడ ముట్టుకోగలిగేది అతనొక్కడే మరి.

"నువ్వు చెప్పు కోల్టన్. దించుతావా లేదా?"

కోల్టన్ నిచ్చెన మడిచి, భుజాన వేసుకుని బయటికి నడిచాడు.