దరువు మాస్టారు

బస్టాండులో బస్సులు పైకప్పుల దాకా మునిగిన వరద వచ్చిన ఏడాది అది. నీళ్లు పోయినా కాలేజీ కింది గదిని బురద వాసన వదల్లేదు. గోడకి ఛాతీ ఎత్తున గీత పడి ఉంది. దాని కింద సున్నం పుండు మీద పక్కులా లేస్తోంది. లెక్కల మాస్టారు చెక్క స్కేలుతో బల్ల మీద దరువు వేస్తున్నాడు. దరువుకి తగ్గట్టు పిల్లలు కలన గణిత సూత్రాలు వల్లె వేస్తున్నారు. ఎందుకలా అని అడిగే నోరు వాళ్లకి లేదు. అడిగితే చెప్పే ఓపిక ఆయనకీ ఎప్పుడో చచ్చిపోయింది.

ఆ పద్ధతి ఆయన కనిపెట్టిందే. అది పెట్టాకే పాసయ్యేవాళ్లు పెరిగారు. ప్రిన్సిపాలు ఆయన ఫొటో గేటు పక్కన బోర్డు మీదికి ఎక్కించాడు. ఆయన ఆ వైపు చూడకుండా లోపలికి వస్తాడు.

టీ చల్లారి పైన తొరక కట్టింది. దాని మీద సుద్దపొడి పడింది. వేలితో పక్కకి నెట్టి, మొహం చిట్లించుకుని తాగేశాడు.

మధ్యాహ్నమే పరీక్ష. వైశాల్యాల పాఠం కిందటేడు వచ్చింది కనుక ఈ ఏడు రాదని ఆయన మొదట్లోనే తీసి పారేశాడు. దాని బదులు సంభావ్యతని నూరిపోశాడు.

వెనక బెంచీలోంచి ఆయన అక్క కూతురు లేచింది. కిందటేడు లెక్కల్లోనే తప్పింది. ఈసారీ తప్పితే తనతోపాటు కుట్టు మిల్లుకి రావాల్సిందేనని అక్క ఖరాఖండిగా చెప్పేసింది. ఆ పిల్లకి ఇంట్లో ఆయన మామయ్య, ఇక్కడ సార్.

“సార్, నిన్న బొమ్మ పడిందని ఇవాళ బొరుసు పడాలని లేదు, నాణేనికి జ్ఞాపకం ఉండదు అన్నారు కదా. మరి వైశాల్యాలు రావని ఎలా అంటున్నారు?”

“నాణేనికి ఉండదమ్మా. పేపరు తయారుచేసేవాడికి ఉంటుంది. కూర్చో.”

గది గొల్లుమంది. ఆ పిల్ల నవ్వలేదు. ఆయన మళ్లీ స్కేలు ఎత్తాడు.

సాయంత్రం ఇంటి పెరట్లో పంపు దగ్గర ఆ పిల్ల వేళ్లకంటిన సిరా కడుక్కుంటోంది. ఆయన గుమ్మంలోనే ఆగిపోయాడు.

“ఏం వచ్చింది?”

“వైశాల్యాలే మామయ్యా. పెద్ద ప్రశ్న, పక్కనే ఇంకోటి.”

“సంభావ్యత?”

“ఏదో చిన్నది.” చేతులు పావడాకి తుడుచుకుంది. “వాడికీ జ్ఞాపకం లేదు మామయ్యా.”

ఏడ్చినా, తిట్టినా బాగుండేది. మామూలుగా అంది, బయట ఎండగా ఉంది అన్నట్టు.

అక్క లోపలినుంచి వచ్చింది. “లెక్కల మాస్టారి ఇంట్లో ఉండి చదివినా ఇంతేనా అంటార్రా నలుగురూ.”

“అననీ అక్కా. నన్నే కదా అనేది.”

ఆయన సబ్బు తీసుకుని చేతులు రుద్దుకున్నాడు. గోళ్ల సందుల్లోంచి సుద్ద పోయింది. తడిసిన డస్టరు కంపు మాత్రం పోలేదు. అన్నం కలిపితే ముద్దలోనూ అదే కంపు. సగంలో కంచం నెట్టేసి లేచాడు.

మర్నాడు పొద్దున, ఫలితాల కోసం ఆగకుండానే, అక్క ముందు, మేనకోడలు వెనక, చెరో అన్నం డబ్బా పట్టుకుని మిల్లు వైపు వెళ్లారు. సందు మలుపు తిరిగేదాకా చూసి ఆయన కాలేజీకి వెళ్లాడు. కింది తరగతి పిల్లలు అప్పటికే వరసగా కూర్చుని ఆయన చేతికేసి చూస్తున్నారు. ఆయన స్కేలు బల్ల మీద పెట్టి, వచ్చిన దారినే బయటికి నడిచాడు.

“ఎక్కడికండీ మాస్టారూ, గంట కొట్టేశారుగా?” అన్నాడు గేటు దగ్గర కాపలావాడు.

“ఇంటికి.”

లోపల ఎవరో అలవాటు కొద్దీ ఎత్తుకున్నారు. గదంతా అందుకుంది. దరువు లేకపోయినా సూత్రాలు ఎక్కడా తప్పలేదు. బల్ల మీద స్కేలు పడి ఉంది. అంకెలు అరిగిపోయాయి. ఇన్నేళ్ల దెబ్బలకి కొస పీచులు పీచులుగా విచ్చుకుని, నమిలి ఉమ్మేసిన చెరుకు పిప్పిలా ఉంది.