సైనీ డైయీ దాకా

జడ్జి ఆ మాట అన్నప్పుడు ఎడ్విన్ బిర్కెట్ తల ఊపాడు. దొర తరఫు ప్లీడరు ఊపాడు, తన ప్లీడరూ ఊపాడు. తానొక్కడే గుంజలా నిలబడితే బాగుండదనిపించింది.

"విచారణ సైనీ డైయీ వాయిదా. మళ్లీ మొదలయ్యేదాకా బిర్కెట్ మంద కొండ ఎక్కకూడదు. సమ్మతమేనా?"

"సమ్మతమేనండి."

తాతల నాటి నుంచి బిర్కెట్ల గొర్రెలు మేస్తున్న కొండ అది. అక్కడ వేటపిట్టలు పెంచాలని దొరకు బుద్ధి పుట్టింది. గొర్రెలకు హక్కు లేదని దావా వేశాడు.

బయటికొచ్చాక ఎడ్విన్ తన ప్లీడరును ఏమీ అడగలేదు. ఆయనా చెప్పలేదు. అడగాల్సిన అవసరం మాత్రం ఏముంది? ఆ లోయలో కౌలు కట్టేది మైఖేల్మస్ పండక్కి, జీతగాళ్లను కుదుర్చుకునేది మార్టిన్మస్ పండక్కి. కోర్టువాళ్లకూ అలాంటి రోజొకటి ఉంటుంది కాబోలు అనుకున్నాడు.

"మళ్లీ ఎప్పుడంటయ్యా?" అంది భార్య హానా.

"సైనీ డైయీకి."

"అదెప్పుడొస్తది?"

"కోర్టోళ్ల పండగలే. మంచు పడేలోగా వచ్చుద్ది."

"అడగలేకపోయావా?"

"అందరి ముందూ మొద్దు గొర్రెలోడు అనిపించుకోమంటావా?"

"కాదేంటి మరి?" అంటూ ఉడికిన బంగాళాదుంపల గిన్నె ఠపీమని బల్ల మీద పెట్టింది.

కొండ మీద కంచె లేదు. ఈ వాగు దాకా మనది, ఆ నల్లబండ దాటితే పరాయిది అని తల్లి గొర్రే పిల్లకు నేర్పుతుంది. పక్కన నడిపించి, మేపి, మంచులో ఏ రాతి చాటున ఒదగాలో చూపిస్తుంది. ఆ పిల్ల పెద్దదై తన పిల్లకు చూపిస్తుంది. అది మనిషి నేర్పగలిగేది కాదు, కుక్క చేతనయ్యేదీ కాదు.

మంద లోయలోనే ఉండిపోయింది. మంచు పడింది, కరిగింది, మళ్లీ పడింది. కొండ తెలిసిన గొర్రెలకు పళ్లు అరిగాయి, ఒక్కొక్కటీ సంతకు పోయాయి. కింద పుట్టిన పిల్లలు టర్నిప్ చేలో తిని బలిశాయి. ఎడ్విన్ మాత్రం కోర్టుకని దాచుకున్న కోటుకు పురుగు పట్టకుండా ఏటేటా ఎండలో వేసేవాడు.

ఒక వేసవి ఉన్ని కత్తిరింపుల నాడు పాద్రీ వచ్చి, ఇరుగుపొరుగు రైతుల మధ్య బీరు ముంత పట్టుకుని కూర్చున్నాడు.

"పాద్రీగారూ, ఈ సైనీ డైయీ ఉందే, అది ఈస్టర్‌లాగా ఏడాదికో రోజు మారుద్దా?" అన్నాడు ఎడ్విన్, కత్తెర ఆపకుండానే.

పాద్రీ నవ్వబోయాడు. ఎడ్విన్ మొహం చూసి మానేశాడు.

"అది పండగ కాదయ్యా. లాటిన్ మాట. రోజు పెట్టకుండా అని."

"ఏ రోజు పెట్టకుండా?"

"ఏ రోజూ. ఎవరో ఒకరు పట్టుబట్టి అడిగితేనే మళ్లీ పిలుస్తారు."

"దొర అడగడుగా."

"ఆయనకేం పని? నువ్వే అడగాలి."

రైతుల్లో ఒకడు అందుకున్నాడు: "బిర్కెట్ మావా, ఆ పండక్కి మమ్మల్నీ పిలుస్తావా? కొత్త చొక్కా కుట్టించుకోవాలి!" దొడ్డంతా ఘొల్లుమంది. ఎడ్విన్ చేతిలోని గొర్రెకు కత్తెర తగిలి నెత్తురు చిమ్మింది.

మర్నాడు పొద్దున్నే మందను కొండకు తోలాడు. కోర్టు ఏం చేస్తే అది చేసుకోనీ అనుకున్నాడు. లోయ చేలకూ కొండకూ మధ్య గోడలో ఉన్న పైగేటు దగ్గర దొర వేటపిట్టల కాపరి గాస్కర్త్ తుపాకి భుజాన వేసుకుని నిలబడి ఉన్నాడు.

"అడ్డు లే! లేదా కాల్చుకో," అన్నాడు ఎడ్విన్.

"నేనెందుకు అడ్డమొస్తా?" అంటూ గాస్కర్త్ గేటు బార్లా తీశాడు. "తోలుకో బిర్కెట్, తోలుకో."

మంద గేటు దాటి ఆగిపోయింది. కుక్క తరిమితే కొన్ని వాగు దాటి పరాయి కొండ పట్టాయి. తక్కినవి ఎడ్విన్ కాళ్ల సందుల్లోంచి దూరి, అరుచుకుంటూ టర్నిప్ చేను వైపు దిగిపోయాయి. మళ్లీ తోలాడు. మళ్లీ దిగాయి. ఎండ నడినెత్తికి వచ్చేసరికి కుక్క నాలుక వేలాడేసి పడుకుండిపోయింది.

"అయ్యో, తోవ తెలీదు పాపం వాటికి," అన్నాడు గాస్కర్త్.

గేటు తెరిచినట్టే వదిలి, ఈల వేసుకుంటూ వెళ్లిపోయాడు.

ఎడ్విన్ ఇవతలికి వచ్చి తనే గడియ పెట్టాడు.