పాచి తోమిన రాళ్ళు

నేను ఇంతకుముందు ఏదీ రాసి ఎరగను, తప్పులుంటే సర్దుకుని చదవండి. కానీ ఈ పళ్ళ డాక్టరు సంగతి ఎవరో ఒకరు చెప్పకపోతే, ఆయన తెలివైనవాడన్న పేరు అలాగే ఉండిపోతుంది.

ఆసుపత్రి మేడ మీద. ఆయా పొద్దున్నే వచ్చి నేల తుడిచి, కుర్చీలు సర్ది, చేపల తొట్టె ముందు కూర్చునేది. అందులో నాలుగు వాగు చేపలు, ఒక్కోటి బొటనవేలంత. పొట్టతో రాతిని కరుచుకుని బతికే జాతి. చల్లటి నీళ్ళు, నీళ్ళకి ఉరవడి, రాతి మీద ఇంత పాచి ఉంటే చాలు, వాటికి ఇంకేం అక్కర్లేదు. డాక్టరు వాటికి హీటరు పెట్టించాడు. ప్లాస్టిక్ కోట కట్టించాడు. రాతి మీద పచ్చగా కనిపిస్తే మాత్రం ఆయనకి ఒళ్ళు జలదరించేది. పళ్ళబ్రష్షు ఒకటి ఆయా చేతిలో పెట్టి, "సందుల్లో ఉండిపోయింది చూడు. ఇంకాస్త గట్టిగా తోము," అనేవాడు. జనం నోళ్ళలోకి చూసి చూసి ఆయనకి లోకమంతా పళ్ళలాగే కనిపించేది.

రోజూ నాలుగింటికి వాగు మెట్లెక్కి వచ్చేది, తన చేపల్ని చూసుకోవడానికి. కుర్చీల్లో వాళ్ళు కాళ్ళు పైకెత్తి, సంచులు ఒళ్ళో పెట్టుకునేవాళ్ళు. "వేళకి రావడం దాన్ని చూసి నేర్చుకోండి," అని చీటీలు రాసే అమ్మాయి వాళ్ళని దెప్పేది. వాగు తొట్టె దగ్గర కాసేపు నిలబడి వెళ్ళిపోయేది. ఆయా తడి తుడిచేది.

మూడు చేపలు పోయాయి. నాలుగోదాని పొట్ట లోపలికి అతుక్కుపోయింది.

ఆయా వాగొడ్డున పుట్టిన మనిషి. నేల చూసి తప్ప మాట్లాడదు. ఆ రోజు బ్రష్షు కింద పెట్టి, నేల చూస్తూనే, "సార్, ఆ పాచే దాని తిండి," అంది.

డాక్టరు నవ్వాడు. "ఎందాకా చదివావు?"

"ఐదు."

"ఐదు చదివి చేపలకి వైద్యం మొదలెట్టావా? నా దగ్గర పుస్తకం ఉంది."

"అందులో వాగుందా సార్?"

"నోరు బాగానే లేచిందే. ఇదీ చచ్చిందంటే నీ చేతిలో చచ్చినట్టే. తోము."

ఆమె తోమలేదు. నాలుగైంది. వాగు వచ్చింది, చీలమండల దాకా. ఆమె తొట్టె మూత తీసి, చేపని రాతితో సహా రెండు చేతుల్లోకి తీసుకుని కాళ్ళ దగ్గరి నీళ్ళలో వదిలింది. వాగు ఒక్క క్షణం ఆగి, మెట్లు దిగి వెళ్ళిపోయింది. చీటీల అమ్మాయి కాళ్ళు దించి తర్వాతి పేరు పిలిచింది.

"రేపట్నించి రావద్దు," అన్నాడు డాక్టరు. "రాళ్ళు తోమడం కూడా ఒక విద్యేనా?"

మర్నాడు పొద్దున ఆమె ఆ వీధినే వెళ్ళింది. మెట్ల మీద పైనుంచి కిందిదాకా పాచి పట్టి ఉంది, పచ్చగా, మందంగా. పంటినొప్పితో వచ్చిన ఇద్దరు నడుంనొప్పితో తిరిగి వెళ్తున్నారు. డాక్టరు కింది మెట్టు మీద మోకాళ్ళేసి పళ్ళబ్రష్షుతో తోముతున్నాడు. తోమిన చోటల్లా మళ్ళీ పచ్చబడుతోంది.

ఆమె ఆగింది. ఎప్పటిలాగే నేల చూసి మాట్లాడింది. ఈసారి డాక్టరు ఆ నేల మీదే ఉన్నాడు.

"సందుల్లో ఉండిపోయింది సార్. ఇంకాస్త గట్టిగా తోమండి."

చెప్పులు విప్పి చేత్తో పట్టుకుని, వాగు వైపు నడిచింది.