పదిహేడో నంబరు బస్సుకు ఒక అభ్యంతరం

ప్రజాభిప్రాయ సభ రేపనగా, అందులో ఏం జరిగిందో ఇవాళే టైపు చేసి పెట్టుకోవడం ఆ మునిసిపల్ ఆఫీసు ఆనవాయితీ. ఆలూ లేదు చూలూ లేదు అన్న సామెత ఆ ఆఫీసును చూసే పుట్టి ఉంటుంది. ఆ పని టైపిస్టమ్మది. ఇరవై రెండేళ్ళుగా ఒకే వాక్యం కొడుతోంది: "ప్రజలెవరూ అభ్యంతరం చెప్పలేదు." ఎప్పుడూ మధ్యలో ఆగలేదు. ఈసారి ఆగింది. రద్దు చేయబోయేది పదిహేడో నంబరు బస్సు.

ఏటి అవతల ఆస్పత్రిలో ఆమె అక్క ఉంది. పక్షవాతం వచ్చి మాట పడిపోయింది. ఆదివారం ఆదివారం చెల్లెలు వెళ్ళి చెయ్యి పట్టుకుంటే, ఆ చెయ్యి తిరిగి నొక్కుతుంది. టైపిస్టమ్మకు ఈ లోకంలో మిగిలిన చుట్టరికమంతా ఆ నొక్కుడే. అక్కడికి వెళ్ళేది ఆ ఒక్క బస్సే. నడిస్తే రెండు గంటలు, అదీ మోకాళ్ళు ఒప్పుకుంటే.

సభ రోజున హాల్లో కుర్చీలు నలభై. ఆమె కాక మనుషులు ముగ్గురు: వేదిక మీద పెద్దసారు, తలుపు దగ్గర ప్యూను, ఫ్యాను కింద కునుకు తీస్తున్న ఎవరో ఒకాయన. టైపిస్టమ్మ నోటుపుస్తకం పక్కన పెట్టి లేచి నిలబడింది.

"నీళ్ళా? ఇలా పెట్టమ్మా," అన్నాడు పెద్దసారు.

"నీళ్ళు కాదు సార్. మాట్లాడాలి. ఆ బస్సు తీసెయ్యొద్దు."

ప్యూను కిసుక్కున నవ్వాడు. పెద్దసారు కళ్ళజోడు తీశాడు. "నువ్వు మా మనిషివి కదమ్మా! నువ్వు జనం ఎలా అవుతావు?"

"ఆదివారం నాడు జనమే సార్."

అక్క సంగతి చెప్పింది. చివరిదాకా చెప్పింది. ఆయన ఓపిగ్గానే విన్నాడు. దుర్మార్గుడేం కాదు. దుర్మార్గుడైతే తిట్టుకునైనా బతకొచ్చు.

"సరే, రాసుకోమను," అన్నాడు.

"రాసేది నేనే సార్."

"అయితే ఇంకేం, నీ ఇష్టం వచ్చినట్టు రాసుకో."

రాసింది. ఇరవై రెండేళ్ళ వాక్యం చెరిపేసి, "ఒక పౌరురాలు అభ్యంతరం చెప్పారు" అని మొదలుపెట్టి పేజీన్నర కొట్టింది. పెద్దసారు ఎప్పట్లాగే చదవకుండా సంతకం పెట్టాడు. ఫైలు పైకి వెళ్ళింది. మూడు వారాలు, ఆఫీసు ఫోను మోగినప్పుడల్లా ఉలిక్కిపడింది.

నాలుగో వారం ఇంటికి ఉత్తరం వచ్చింది. ఆ ఏడాది ఆమెకు వచ్చిన ఒకే ఒక్క ఉత్తరం. "మీ అభిప్రాయాన్ని పరిశీలించాం. రద్దు నిర్ణయంలో మార్పు లేదు. మీ సహకారానికి కృతజ్ఞతలు." కొట్టింది తనే. మడిచి కవరులో పెట్టి అంటించిందీ తనే. అయినా దారిలో ఎవరైనా మార్చి ఉంటారేమోనని చివరిదాకా చదివింది.

ఆదివారం తెల్లారగానే బయల్దేరింది. స్టాపు దగ్గర చెప్పులు కుట్టే తాత మూట ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. ఆదివారాలు అతని బేరాలన్నీ ఆస్పత్రి గేటు దగ్గరే.

"బస్సు రాదు తాతా. తీసేశారు."

"తీసేశారా! మరి ఎవడూ అడగలేదా?"

"అడిగారు. ఒక్కరు."

"ఒక్కరడిగితే గాలికి పోదూ? వారం వారం ముప్పై మందిమి ఎక్కుతాం, మేమంతా చచ్చామా? ఒక్క ముక్క తెలిస్తే కర్రేసుకుని వచ్చేవాణ్ణి కదమ్మా!"

సభ నోటీసు పెట్టింది ఆమే. ఎప్పట్లాగే, రూలు ప్రకారం, ఆఫీసు లోపల బీరువా పక్కనున్న బోర్డుకు. ఈ స్టాపు ఆఫీసుకు వంద అడుగుల దూరం కూడా లేదు. అక్క కోసం లేచి నిలబడే ధైర్యమైతే వచ్చింది. ఆ కాగితం ఇక్కడికి తేవాలని మాత్రం తట్టలేదు.

సంచీలో ఇంకో నోటీసు ఉంది. వీధి కుళాయిలు తీసేసే సభది, సోమవారం అదే బోర్డుకెక్కాల్సింది.

"తాతా, నీ దగ్గర జిగురుందా?"

"చెప్పుల జిగురమ్మా. అంటితే ఊడి చావదు."

"అదే ఇవ్వు."

స్టాపు స్తంభానికి, కంటికెదురుగా అంటించింది. తర్వాత ఏటివైపు నడక మొదలుపెట్టింది. అక్కకు ఈపాటికి మెలకువ వచ్చి ఉంటుంది. తలుపువైపే చూస్తూ ఉంటుంది.