సెనేటర్ గారు లైన్లకు వచ్చిన రోజు

వీరసామిని మా కళ్ళముందే కాల్చి చంపారు. అవి మలయాలో తెల్లదొరలు పెట్టిన ఎమర్జెన్సీ రోజులు. అడవిలోని కమ్యూనిస్టులకు చేరుతుందని, ఎస్టేటు కంచె దాటి అన్నం తీసుకెళ్ళనిచ్చేవారు కాదు. రబ్బరు చెట్లు గీయడానికి పోతూ వీరసామి నడుముకు అన్నం మూట కట్టుకున్నాడు. గేటు దగ్గర సిపాయి ఇంగ్లీషులో ఆగమని అరిచాడు. వీరసామికి ఇంగ్లీషు రాదు.

మా యూనియన్ నాయకుడు నారాయణస్వామి ఆ శవాన్ని భుజాన వేసుకెళ్ళి దొర బంగళా మెట్ల మీద పడుకోబెట్టాడు. "సంపినోడ్ని బయిటికి రమ్మను!" అని గర్జించాడు. వెనక మేమంతా ఉన్నాం. ఆయన్ని బూటుకాళ్ళతో తన్ని జైలుకు తీసుకుపోయారు.

విడుదలయ్యాక ఆయన కౌలాలంపూర్‌లో పార్టీ నాయకుడయ్యాడు. మేము సమ్మె అన్నప్పుడల్లా, "మెర్దెకా రానీండి. మన రాజ్జెంలో మనల్నెవుడు కొడతాడు?" అనేవాడు. నమ్మాం. మెర్దెకా వచ్చింది, దేశం స్వతంత్రమైంది. ఆయన సెనేటర్ అయ్యాడు.

దొర ఎస్టేటును ముక్కలుగా అమ్ముకుని ఓడెక్కాడు. కొత్త యజమానులు వరసగా కట్టిన మా కూలీ లైన్ల ఇళ్ళు ఖాళీ చేయమన్నారు. మేము కదల్లేదు. అప్పుడు సెనేటర్ గారి కారు వచ్చింది. దాని వెనకే పోలీసు లారీ. ఆయన కారు దిగాడు.

"ఎల్లిపోండి. నాను మాటాడి ఏదో ఒకటి సేయిస్తాను."

వీరసామి భార్య ఎర్రమ్మ ముందుకొచ్చింది. "ఎక్కడికెల్లాల మరిదీ?"

"సట్టం ఆళ్ళవైపుంది వదినా. నానొక్కన్నే ఏటి సేయగలను?"

"దొర మెట్లెక్కిన నాడు సట్టం నీవైపుందా? నువ్వొక్కడివే ఎక్కినావా? ఎనకాల మేం లేమా?"

ఆయన కారు వైపు తిరిగాడు. ఇన్‌స్పెక్టర్ ఈల ఊదాడు.

లాఠీలు విరుచుకుపడ్డాయి. ఎర్రమ్మను జుట్టు పట్టి గుమ్మంలోంచి ఈడ్చారు. ఆమె కూతురు కన్నియమ్మ రబ్బరు గీసే కత్తితో జుట్టు పట్టిన పోలీసు చేతిని చీల్చింది. తుపాకి పేలింది. ఎర్రమ్మ బురదలో పడిపోయింది.

మేము పారిపోలేదు. రాళ్ళు, కత్తులు, కట్టెలు, ఏది దొరికితే అది పట్టుకుని మీద పడ్డాం. కారు అద్దాలు పగిలాయి. పోలీసులు లారీ ఎక్కి పారిపోయారు. వాళ్ళ మధ్యలో తల దాచుకుని మా సెనేటర్!

మర్నాడు చుట్టుపక్కల ఏ ఎస్టేటులోనూ చెట్టు గీయలేదు. తెలుగువాళ్ళు, తమిళులు అందరూ ఎర్రమ్మను మట్టి చేయడానికి వచ్చారు. వచ్చినవాళ్ళు వెనక్కి పోలేదు.

పోలీసులు ఈసారి ఐదు లారీల్లో దిగారు. లైన్ల ముందు మేము భుజానికి భుజం ఆనించి నిలబడ్డాం. ఎదురుగా తుపాకులు లేచాయి.

"ఎవుడూ ఎనక్కి తగ్గకండి," అంది కన్నియమ్మ.

అందరం అడుగు ముందుకేశాం.